'రోగ్ మేల్' నవల: ఇరుకు స్థలం – హంతకుని అంతర్మథనం

1. ప్రవేశిక:

గూఢచారి నవలల్లో హంతకుడు సాధారణంగా ఒక రాజ్యం పక్షాన పనిచేస్తాడు. ఆజ్ఞ పైనుంచి వస్తుంది కనుక హత్య తాలూకు నైతిక భారం పూర్తిగా అతనిపై పడదు. ఆంగ్ల రచయిత జెఫ్రీ హౌస్‌హోల్డ్ (1900–1988) 1939లో ప్రచురించిన 'రోగ్ మేల్' నవలలో ఈ వెసులుబాటు లేదు. ఇందులోని కథానాయకుణ్ణి ఎవరూ పంపలేదు. తాను ఎందుకు వెళ్ళాడో అతడే తనతో ఒప్పుకోలేడు. ఆ ఒప్పుకోలుకు దారితీయడంలో కథాస్థలం నిర్వహించిన పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కథకుని విశ్వసనీయత:

పేరు చెప్పని ఆంగ్లేయ వేటగాడు పేరు చెప్పని నియంతకు తుపాకి గురిపెట్టి పట్టుబడతాడు. చిత్రహింసలు అనుభవించి, చావు తప్పించుకొని ఇంగ్లండు చేరతాడు. కాల్చడం తన ఉద్దేశం కాదని, అంతటి కాపలాను దాటి ఎంత దగ్గరకు పోగలడో పరీక్షించుకున్నానని చెబుతాడు. ఉత్తమపురుష కథనం కావడంతో పాఠకుడు మొదట ఆ మాట నమ్ముతాడు. నిజానికి కథకుడు మోసగిస్తున్నది పాఠకుణ్ణి కాదు, తనను తానే.

3. స్థలం – విచారణ:

కథ సాగేకొద్దీ అతని చుట్టూ స్థలం కుంచించుకుపోతుంది. ఓడలోని ఖాళీ నీటి తొట్టి, లండన్ భూగర్భ రైలు సొరంగం దాటి, చివరకు డోర్సెట్ ప్రాంతంలో ఒక పల్లపు బాట గట్టులో తానే తవ్వుకున్న బొరియలో అతడు చిక్కుకుంటాడు. వేటగాడు వేటజంతువయ్యాడు. అలంకారశాస్త్ర పరిభాషలో స్థలం ఉద్దీపన విభావం. ఇక్కడ అది భయాన్ని ఉద్దీపింపజేయడంతో ఆగక విచారణ మందిరంగా మారింది.

క్వివ్-స్మిత్ అనే శత్రు గూఢచారి బొరియను మూసివేసి, గాలి రంధ్రం గుండా అతనితో మాట్లాడతాడు. బ్రిటిష్ ప్రభుత్వానికి తెలిసే హత్యకు పూనుకున్నానని రాసిన పత్రంపై సంతకం కోరతాడు. అది అబద్ధం. దానిని నిరాకరించే క్రమంలోనే కథకునికి నిజం ఎదురవుతుంది: తన ప్రియురాలిని ఆ పాలన చంపింది, అతడు చంపడానికే వెళ్ళాడు. అబద్ధపు ఒప్పుకోలు హత్యను రాజ్యానికి అంటగడుతుంది. నిజమైన ఒప్పుకోలు దానిని అతని సొంతం చేస్తుంది. నవలలోని నైతిక సంఘర్షణ అంతా ఈ రెండింటి మధ్యనే ఉంది.

బొరియలో అతనికి తోడైన అస్మోడియస్ అనే పిల్లిని శత్రువు చంపుతాడు. దాని చర్మాన్నే మెలిపెట్టి కథకుడు ఆయుధం చేసి శత్రువును హతమారుస్తాడు. దుఃఖం ఆయుధంగా మారడమనే అతని జీవితసత్యానికి ఇది స్థూలరూపం.

4. పరిమితి:

ప్రియురాలి మరణం కథను నడిపించే మూలకారణమైనా, ఆమెకు పేరు గానీ గొంతు గానీ లేవు. ఆమె ఒక వ్యక్తిగా కాక ఒక కారణంగానే మిగిలింది. దీనివల్ల నియంతృత్వంపై రాజకీయ విమర్శ వ్యక్తిగత ప్రతీకారంలోకి కుదించుకుపోయే ప్రమాదం ఉంది. కథకుని మౌనమే ఇందుకు కారణమని సమర్థించవచ్చు; అయినా ఆ సమర్థన ఈ లోపాన్ని పూర్తిగా తొలగించదు.

5. ముగింపు:

బొరియ నుంచి బయటపడిన కథకుడు మళ్ళీ నియంతను చంపడానికే బయలుదేరతాడు. చేయబోయే పని మొదటిదే. ఈసారి దానిని వేట వినోదమని పిలవడు. అంతర్మథనం అతణ్ణి హింస నుంచి విముఖుణ్ణి చేయలేదు, హింసకు బాధ్యుణ్ణి చేసింది. ఈ అసౌకర్యమైన ముగింపే 'రోగ్ మేల్'ను కేవల ఉత్కంఠ నవలల నుంచి వేరుచేస్తున్నది.