కుటుంబ వైద్యుడు

ఇంట్లో పసిబిడ్డకు జ్వరమొచ్చినా, పెద్దాయనకు బీపీ పెరిగినా మొదట చూసేది కుటుంబ వైద్యుడే. ఏ ఒక్క అవయవానికో పరిమితం కాకుండా మనిషి మొత్తాన్ని, అతని ఇంటిని కూడా ఎరిగి వైద్యం చేయడం ఈ వృత్తి గొప్పతనం.

ఈ వైద్యుడికి ఉండవలసిన కనీస చదువు ఎంబీబీఎస్. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి వైద్య మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆపైన ఫ్యామిలీ మెడిసిన్‌లో మూడేళ్ల ఎండీ గానీ డీఎన్‌బీ గానీ చేయవచ్చు.

చదువుకు తోడు జ్ఞాపకం, ఓర్పు కావాలి. తండ్రికి షుగర్ ఉందని తెలిసిన డాక్టరు కొడుక్కి ముందుగానే రక్తపరీక్ష చేయిస్తాడు. తన చేతిలో లేని జబ్బును గుర్తించి, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపడం అన్నిటికన్నా పెద్ద నేర్పు. ఉదాహరణకు, కడప జిల్లా కమలాపురంలోని రోగికి ఆ పెద్దాసుపత్రి కడప రిమ్స్.

కడప జిల్లాలో ఈ సేవకు మంచి చరిత్ర ఉంది. తర్వాత ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదట జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేశారు. 1973లో తండ్రి రాజారెడ్డి పేరిట పులివెందులలో ధర్మాసుపత్రి నెలకొల్పారు. రూపాయి ఫీజు తీసుకునే డాక్టరుగా జనం ఆయన్ను గుర్తుపెట్టుకున్నారు.

2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణి 104 సంచార వైద్య వాహనంలో పల్లెకే పంపింది. మంచంలో ఉన్నవాళ్లను ఇంటికే వెళ్లి చూడటం అందులో భాగం.

రోగి పేరు, ఇల్లు, గతం తెలిసిన వైద్యుడు దగ్గరుంటే ఊరికి అదే పెద్ద ధైర్యం.