కర్త లేని వాక్యం
- 'యజ్ఞం' కథను మళ్ళీ చదువుతూ

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' మీద జరిగినంత చర్చ తెలుగులో మరి ఏ కొద్ది కథల మీదనో జరిగి ఉంటుంది. సుమారు అరవై ఏళ్ళుగా ఆ కథను మెచ్చుకున్నవాళ్ళూ, తప్పుపట్టినవాళ్ళూ కూడా ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతున్నారు: ఆ పసివాణ్ణి చంపింది ఎవరు? మన అభ్యుదయ విమర్శ ఇచ్చే జవాబు అందరికీ తెలిసిందే: వ్యవస్థ. ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ పరీక్షలో ఇదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. బడిపంతుల్నయ్యాక సభల్లోనూ ఇదే చెబుతూ వచ్చాను. ఆ జవాబు తప్పని ఇప్పుడు అనడం లేదు. అది సగం జవాబే అంటున్నాను. మిగిలిన సగాన్ని మనం చెప్పకుండా దాటేయడం వెనక మన మధ్యతరగతి ప్రయోజనం ఒకటి ఉందని కూడా అంటున్నాను.

కథ తెలిసిందే కనుక క్లుప్తంగా గుర్తు చేస్తాను. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడు గోపన్నకు బాకీపడ్డాడు. ఆ బాకీ దొంగ బాకీ కాదు. అప్పల్రాముడే దాన్ని ఒప్పుకుంటాడు. తగువు పంచాయితీకి వస్తుంది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు. ఇతను మన కథల్లో మామూలుగా కనిపించే దుర్మార్గపు భూస్వామి కాడు. ఊరికి మంచి చేసినవాడు, మాటకు విలువ ఉన్నవాడు. న్యాయంగానే అన్నీ విచారించి, భూమి అమ్మి అప్పు తీర్చమని తేలుస్తాడు. ఆ తీర్పుకు తండ్రి తల ఒగ్గుతాడు. కొడుకు సీతారాముడు మాత్రం, తన బిడ్డ పెరిగి మరొకరి పాలేరు కావడానికి ఒప్పుకోలేక ఆ బిడ్డనే నరికి, తెచ్చి పంచాయితీ ముందు పడేస్తాడు.

ఈ కథలో నన్ను ఇప్పటికీ నిలవనీయని విషయం, ఇందులో ఎవరూ ఏ నియమాన్నీ మీరకపోవడం. అప్పిచ్చినవాడు తన సొమ్మే అడిగాడు. పెద్దమనిషి ఇద్దరి మాటా విన్నాడు. అప్పు తీసుకున్నవాడు ఒప్పుకున్నాడు. ఎవరి వాక్యం వారి వరకు సవ్యంగానే ఉంది. అన్నీ కలిపి చదివితే ఒక శవం తేలింది. అధికార దుర్వినియోగమనగానే మనకు లంచం, లాఠీ, దొంగ కేసు గుర్తుకొస్తాయి. అవి గుర్తుపట్టడం తేలిక. నియమం తప్పకుండా, గొంతు పెంచకుండా, చేతికి మట్టి అంటకుండా జరిగే దుర్వినియోగాన్ని పట్టుకోవడం కష్టం. రామారావు గారు పట్టుకున్నది దాన్ని.

కథకు 'యజ్ఞం' అని పేరు పెట్టడంలోని ధ్వనిని మనం 'బలి' అనే ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. నిజానికి అంతకంటే ఎక్కువే ఉంది. యజ్ఞంలో పశువును చంపే పని శమితది. ఆ సమయంలో ఋత్విక్కులు దాన్ని కంటితో చూసిన సాక్షులు కాకుండా అగ్ని వైపు తిరిగి కూర్చుంటారని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. 'చంపు' అనకూడదని, అది మనుషులు మాట్లాడే తీరని కూడా చెబుతుంది. ఆ పనికి వాడే మాట 'సంజ్ఞపనం'. ఆ మాటకు ఒప్పించడమనే అర్థం ఉంది. అంటే చంపడానికి పెట్టిన పేరే ఒప్పించడం! సుందరపాలెం పంచాయితీలో అప్పల్రాముడికి జరిగింది అక్షరాలా ఇదే. అతన్ని ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు, ఒప్పించారు. సీతారాముడు చేసిన ఘోరమల్లా, అగ్ని వైపు తిరిగి కూర్చున్నవాళ్ళ ముఖాలను బలవంతంగా ఇటు తిప్పడం. అతని చేతి నెత్తురును నేను కడగబోవడం లేదు. పసిబిడ్డ మీద అతనికీ అధికారం ఉంది; దాన్ని అతనూ వాడాడు. కాని ఆ సభలో తను చేసినదాన్ని తనదిగా తెచ్చి అందరి ముందు పెట్టిన మనిషి అతనొక్కడే.

ఈ మాట నాకు పుస్తకంలో తట్టలేదు. తట్టిన చోటు చెప్పకపోతే ఈ వ్యాసం కూడా అగ్ని వైపు తిరిగి కూర్చున్నట్టే అవుతుంది.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఉండేది. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు చూసి, ఇంతమందికి వండావా అని ఆమెను అడిగాడు. "అంతమందికి నేనెప్పుడూ వండలేదండీ" అంది. అబద్ధం చెప్పాలని ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు. వారం తిరక్కుండా కమిటీ సమావేశం పెట్టారు. ఊరి పెద్ద ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఏం జరగాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. మినిట్సు పుస్తకం నా ముందుకు జరిపి, "తెలుగు మాస్టారు మీరుండగా మేం రాయడమేమిటి, మీ భాష బాగుంటుంది" అన్నారు. రాశాను. 'పరిశుభ్రత పాటించనందున వంట మనిషిని విధుల నుండి తొలగించడమైనది.' అచ్చుతప్పు లేదు. అందరూ సంతకాలు చేశారు. నాలుగోది నాది.

మర్నాడు ఆమె బడి గుమ్మం దగ్గర నిలబడి, "ఆ కాయితంలో ఏం రాశారో ఒకసారి చదివి పెట్టండి మాస్టారూ" అంది. చదివాను. రెండోసారి చదవమంది. చదివాను. "తీసేసింది ఎవరని రాశారు?" అని అడిగింది.

నేను వ్యాకరణం చెప్పి బతికేవాణ్ణి. ఆ వాక్యంలో కర్త ఎక్కడున్నాడో చూపించలేకపోయాను.

'రామునిచే రావణుడు చంపబడెను' అని కర్మణి వాక్యానికి ఉదాహరణ చెబుతాం. మన పల్లెల్లో ఎవరూ అలా మాట్లాడరు. 'అన్నం తినబడింది' అనే మనిషి నాకింతవరకూ తగల్లేదు. అయినా ఆ కర్మణిలో కూడా 'చే' అనే ప్రత్యయం పట్టుకుని కర్త ఒక మూల నిలబడి ఉంటాడు. మన కార్యాలయాల తెలుగు ఆ మూల కూడా ఉంచలేదు. 'నిర్ణయించడమైనది', 'తిరస్కరించడమైనది', 'తొలగించడమైనది'. వాన కురిసినట్టు, పొద్దు గుంకినట్టు, అదేదో తనంతట తనే అయిపోయింది! ఇది భాషా దోషం కాదు. అధికారం తనకు కావలసిన వాక్యాన్ని తయారు చేసుకోవడం. తయారు చేసిపెట్టేవాళ్ళం మనం - చదువుకున్నవాళ్ళం.

ఇక్కడ మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. వ్యక్తి మీద బాధ్యత మోపడం భావవాదమని, 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటానికి రాసిన ముందుమాటలో మార్క్సే వ్యక్తులను ఆర్థిక సంబంధాలకు ప్రతిరూపాలుగా మాత్రమే తీసుకుంటానన్నాడని, ఆ సంబంధాలకు వ్యక్తిని బాధ్యుణ్ణి చేయనన్నాడని గుర్తు చేస్తారు. నిజమే, అన్నాడు. అయితే అదే ముందుమాటలో మరో సంగతి కూడా ఉంది. ఇంగ్లండులోని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లను సమర్థులని, పక్షపాతం లేనివారని, ఎవరి ముఖమూ చూసి మొహమాటపడనివారని మెచ్చుకున్నాడు. అలాంటి మనుషులు తన జర్మనీలోనూ ఉంటే అక్కడి పరిస్థితి చూసి మనమే హడలిపోతామన్నాడు. ఆ పుస్తకంలో పనిదినం గురించిన అధ్యాయం చదవండి. అది చాలా మేరకు ఆ ఇన్‌స్పెక్టర్ల నివేదికల మీద నిలబడింది. లెనార్డ్ హార్నర్ అనే ఇన్‌స్పెక్టరు ఇంగ్లండు కార్మికవర్గానికి చేసిన సేవ మరవరానిదని మార్క్స్ పేరు పెట్టి మరీ చెప్పాడు. హార్నర్ విప్లవకారుడు కాడు. పాలకవర్గపు ప్రభుత్వం దగ్గర జీతం తీసుకున్న ఉద్యోగి. పిల్లల చేత ఎన్ని గంటలు పని చేయిస్తున్నారో లెక్క చూసి, చూసింది చూసినట్టు రాశాడు. అంతే. వ్యవస్థను పుట్టించింది నువ్వు కాదన్నాడు మార్క్స్. రిజిస్టరులో నువ్వు రాసిన అంకెకు నీ పూచీ లేదని అనలేదు. ఈ రెండింటి మధ్య తేడాను మనం చెరిపేసుకున్నాం.

చెరిపేసుకుంటే ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా సాగిన ఎమర్జెన్సీ మీద 1977లో షా కమిషన్‌ను వేశారు. పైనుంచి నోటిమాటగా వచ్చిన ఆదేశాల ప్రకారం నడుచుకున్నామని ఎందరో అధికారులు దాని ముందు చెప్పుకున్నారు. ఆదేశం నోటిది, సంతకం మాత్రం చేతిది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఇరవై మూడేళ్ళకు ఆ వాక్యంలో కర్మ మిగిలింది, క్రియ మిగిలింది.

ఇక మన కథల సంగతి. ఇటీవలి మన అభ్యుదయ కథల్లో చాలావాటిలో నాకొక పద్ధతి కనిపిస్తోంది. ఒకవైపు పీడితుడు ఉంటాడు, మరోవైపు వ్యవస్థ ఉంటుంది. మధ్యన ఒక ఉపాధ్యాయుడో గుమాస్తావో విలేకరో నిలబడి కథ చెబుతుంటాడు. చూస్తాడు, చలిస్తాడు, చివరి పేరాలో నిట్టూరుస్తాడు. అతని చేతిలో కలం ఉందని, ఆ కలంతో పగలు అతనే ఏదో ఒక కాగితం రాసి వచ్చాడని కథకుడు మరచిపోతాడు. మనల్ని మనం ఎప్పుడూ సాక్షులుగానే రాసుకుంటున్నాం. ఇది వస్తువు లోపమే కాదు, శిల్పంలోనూ అబద్ధమే. కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో దాచిన కథ ఎంత కన్నీరు పెట్టించినా నమ్మించదు.

రావిశాస్త్రి గారి 'అల్పజీవి'ని ఈ సందర్భంలో తిరిగి చదవమని విద్యార్థులకు చెబుతాను. సుబ్బయ్య అందరికీ భయపడే గుమాస్తా. కాని బావమరిది ఒత్తిడికి లొంగి కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకోగలిగాడంటే, దానికి కారణం సుబ్బయ్య కాదు, సుబ్బయ్య కూర్చున్న కుర్చీ. ఎంత అల్పజీవికైనా, కుర్చీ ఉంటే, ఆ కుర్చీ మేర అధికారం ఉంటుంది. అతని భయం మీద జాలిపడేట్టు రాస్తూనే, ఆ భయాన్ని అతనికి మినహాయింపుగా ఇవ్వలేదు రావిశాస్త్రి గారు. జాలి వేరు, మినహాయింపు వేరు. మన కథలు ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి.

అలాగని సంస్కరణ కథలు రాయమని, మంచి ఉద్యోగులుంటే సమాజం బాగుపడుతుందని నేననడం లేదు. శ్రీరాములునాయుడు మంచివాడే, ఆ మంచితనం వల్లనే తీర్పు తిరుగులేనిదైంది. వ్యవస్థ మారాలి. అయితే అది గాలిలో ఉండదు. మినిట్సు పుస్తకాల్లో, హాజరు పట్టీల్లో, నాలుగో సంతకాల్లో ఉంటుంది. వాటిని రాసే చేతిని చూపించకుండా వ్యవస్థను చూపించాననే రచయిత, ఋత్విక్కు లాగానే కూర్చున్నాడని నా అభిప్రాయం.

రామారావు గారు కూడా బడిపంతులే. ఆయన ఆ పంచాయితీలో ఎవరి వాక్యంలోంచీ కర్తను తీసేయలేదు. నేను తీసేశాను. ఆ మినిట్సు పుస్తకం ఆ బడి బీరువాలో ఇంకా ఉండే ఉంటుంది. ఆమె అడిగిన ప్రశ్నకు అప్పుడు చెప్పవలసిన జవాబును ఇక్కడ రాస్తున్నాను. ఆమె దీన్ని చదవదు, మీరు చదువుతారు.

'ఆమె నిజం చెప్పింది కనుక, ఆమెను మేము పనిలోంచి తీసేశాం. ఆ వాక్యం రాసింది నేను.'