దొర, ప్రభువు, బాప్తిస్మము
ఉత్తర తెలంగాణ క్రైస్తవ పరిభాషా విమర్శ

క్రైస్తవము తెలుఁగునాఁట నాంగ్లరాజ్యచ్ఛాయయందుఁ బెరిగిన మతమనియు, దానిని స్వీకరించినవారు దేశభాషకును దేశాచారమునకును దూరమైరనియుఁ బెక్కండ్ర యభిప్రాయము. ఈ రెండు మాటలును గరీంనగర, ఆదిలాబాదు మండలముల విషయమున నెంతవఱకుఁ జెల్లునో విచారింపవలసియున్నది. విచారమునకు సాధనములు రెండు: చరిత్ర యొకటి, శబ్దము రెండవది. శాసనములు పాలకుల సంకల్పమును దెలుపును. జనుల నోటి శబ్దము వారి యనుభవమును దెలుపును.

మొదట చరిత్ర. రోమక సామ్రాజ్యమున హింసింపఁబడిన యీ మతము 313 లోఁ గాన్‌స్టంటైను కాలమున స్వేచ్ఛను, 380 లో థియొడోసియసు కాలమున రాజమతపదవిని బొందెను. కాని యదే మతము పారసీకమునందును, మలబారునందును సురియాని సంప్రదాయరూపమున నన్యమతస్థులగు రాజులక్రింద శతాబ్దములు మనియెను. కావున రాజ్యాశ్రయము దానికి స్వభావము గాదు, ఆగంతుకము. తెలుఁగునాఁటను దొలుత నట్లే యుండెను. క్రాను, డిగ్రాంజెసు అను లండను మిషనువారు 1805 లో విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయఁడను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో బైబిలు ననువదింప మొదలిడునాఁటికిఁ గంపెనీవారు మతబోధకుల నాదరింపలేదు. 1813 నాఁటి చార్టరు చట్టము పిమ్మటనే వారికి ద్వారము తెఱవఁబడెను.

కరీంనగరము నాఁడు నైజాము రాజ్యములోని యెలగందుల జిల్లాలోనిది. 1880 తరువాతి దశాబ్దమున వెస్లియను మిషనువారు సికిందరాబాదునుండి యచటికి వచ్చిరి. సికిందరాబాదులో నాంగ్లసైన్యము విడిసియుండుట వారికిఁ గొంత యండయైనదనుట కాదనరాదు. కాని పల్లెలో భూమిపై నధికారము నడపినవాఁడు తెల్లవాఁడు గాఁడు, దేశముఖుఁడు. వానిని జనులు దొర యనిరి. తెల్లబోధకునిఁ గూడ దొర యనియే పిలిచిరి. వాని భార్య దొరసాని. ఒక్క శబ్ద మిరువురకుఁ జెల్లుట యాదృచ్ఛికము గాదు. వెట్టిచాకిరి చేయు మాల మాదిగలకు నొక దొరయెదుట నిలుచుటకు మఱియొక దొర యండ కావలసివచ్చెను.

ఇది యధికారాశ్రయము గాక మఱేమి యని పూర్వపక్షి యడుగవచ్చును. దానికి సమాధానము బైబిలు తెనుఁగునందుఁ గలదు. అందు దేవుఁడు దొర గాఁడు, ప్రభువు. ప్రపూర్వకమగు భూధాతువునకు డుప్రత్యయము చేరఁగా నేర్పడిన యీ శబ్దమునకు సమర్థుఁడని యర్థము. దీనికి భూస్వామ్యముతో నియతసంబంధము లేదు. నైజామును బ్రభువనుటయుఁ గలదు గాని పల్లెలో నెదుట నిలిచి పిలుచు శబ్ద మిది గాదు. దొరకంటె నున్నతుఁడొకఁడు గలఁడని యీ శబ్దభేదమే వినువారికి బోధించినది. కోస్తాయందు వ్రాసిన యనువాదకు లీ ఫలము నుద్దేశించిరనరాదు. ఉద్దేశము వేఱు, ఫలము వేఱు.

ఇఁక రూపవిషయము. తెలుఁగు మాటలకు మొదట యకారము లేదని చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ (1858) జెప్పెను గాన యేసు, యెహోవా యను రూపములు దుష్టములని కొందఱందురు. ఆ నియమము యజ్ఞ యమాది తత్సమములకే వర్తింపనపుడు, అన్యదేశ్య నామములకు వర్తించుననుట సాహసము.

దీక్షావాచకము మఱింత విచారణీయము. కతోలికులు జ్ఞానస్నాన మందురు. ఇతరులు గ్రీకు శబ్దమునకు మువర్ణకము చేర్చి బాప్తిస్మ మందురు. మొదటిది 1606 లో మధురకు వచ్చి బ్రాహ్మణాచారము నవలంబించిన రాబర్టు డి నొబిలి మార్గమునకుఁ జెందినది. పండితుని చెవికి నదియే యింపు. అయినను స్నానశబ్దము శౌచాశౌచ విచారమును వెంటఁ దెచ్చును. ఊరి బావి నీరు ముట్టనీయఁబడనివాని కా శబ్దము పాత గాయమునే జ్ఞప్తికిఁ దెచ్చును. బాప్తిస్మమునకుఁ బూర్వస్మృతి లేదు. సంస్కృతమైన మాటయే దేశీయము, అన్యమైనది పరాయి యను సూత్ర మిచట వ్యభిచరించుచున్నది. ఎవరి దేశీయత యని ముందుగా నడుగవలెను.

భాషాదూషణమును నిలువదు. నైజాము రాజ్యమున రాజభాష 1884 లోఁ బారసీకము పోయి యుర్దూ యయ్యెను. 1918 లో వెలసిన యుస్మానియా విశ్వవిద్యాలయ ముర్దూలో బోధించెను. ఆ రాజ్యమునఁ దెలుఁగు కవులు గలరని చాటుటకు సురవరము ప్రతాపరెడ్డి 1934 లో గోలకొండ కవుల సంచికను వెలువరింపవలసివచ్చెను. అట్టి కాలమునఁ దెలుఁగు గద్యగ్రంథ మొకటి మాలవాడలో, మాదిగవాడలోఁ జదువఁబడుచుండెను. ఆ శ్రోతలకుఁ బండితసభలోఁ బ్రవేశము లేకుండెను.

ఆచారవిషయమున, మెదకు ప్రాంతపు గ్రామసంఘములను బరిశీలించి పి. వై. లూకు, జాన్ కార్మనులు 1968 లోఁ బ్రకటించిన గ్రంథము ప్రమాణము. గ్రామదేవతల కొలువు, ఊరి యాచారములు క్రైస్తవ కుటుంబములనుండి పూర్తిగాఁ దొలఁగలేదని వారు చూపిరి. దీనిని విశ్వాసలోపమని బోధకుఁడు, కపటమని పరుఁడు చెప్పుదురు. ఊరిలోఁ బుట్టినవాఁ డూరితో బ్రదుకుటయే యిదియని చెప్పుట న్యాయ్యము.

ఆంగ్లరాజ్య మంతరించిన పిమ్మటను సంఘములు పెరిగినవి. కరీంనగరము దక్షిణ హిందూదేశ సంఘమున 1978 లోఁ బ్రత్యేక మండల మయ్యెను. 1962 నాఁటి చాందా సురియాని మండలమునుండి 1999 లో నాదిలాబాదు వేఱుపడెను. కిరీటమునండ లేని మలబారు సంప్రదాయ మిట్లు గోదావరీతీరమునకు వచ్చినది. అయినను రాజ్యము విడువలేదు. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు క్రైస్తవుఁడైన మాల మాదిగలకు షెడ్యూల్డు కులస్థుల హక్కులను నిరాకరించెను. పిమ్మట వారు వెనుకఁబడిన తరగతులలో 'సి' వర్గముగా నెన్నఁబడిరి. మతము మార్చినను దొర వారి కులము మఱవలేదు. ప్రభుత్వపత్రము మాత్రము మఱచినది.

కావున నీ ప్రాంత క్రైస్తవమును రాజ్యచ్ఛాయ యనుట యతివ్యాప్తము. రాజ్యస్పర్శ లేదనుట యవ్యాప్తము. తెలుఁగు వాఙ్మయచరిత్ర వ్రాయువారు బైబిలు తెనుఁగును మిషను సరకని త్రోసివేయక, దానిని విన్న వాడల నోటి శబ్దములతోఁ గూడఁ బరీక్షింపవలయును. ఆ పని చేయనంతవఱకు వాఙ్మయచరిత్ర పండితసభ యరుఁగుమీఁదనే నిలిచియుండును.