పేర్లు రాసిన నివేదిక, పేర్లడగని ఒప్పందం

ఆయుధాల అక్రమ రవాణాపై ఐక్యరాజ్యసమితి తెచ్చిన పత్రాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకటి, అంగోలాలో యునిటా తిరుగుబాటుదారులపై పెట్టిన ఆంక్షలను ఎవరు తుంగలో తొక్కుతున్నారో తేల్చిన 2000 మార్చి నాటి నివేదిక. రెండోది, 2013 ఏప్రిల్ 2న సర్వప్రతినిధి సభ ఆమోదించిన ఆయుధ వాణిజ్య ఒప్పందం.

మొదటిది ఫౌలర్ నివేదికగా ప్రసిద్ధం. కెనడా రాయబారి రాబర్ట్ ఫౌలర్ అప్పట్లో ఆంక్షల కమిటీ అధ్యక్షుడు. యునిటాకు ఆయుధాలు అమ్మకూడదని భద్రతా మండలి 1993లోనే శాసించింది. ఏళ్లు గడిచినా యునిటా నేత జోనాస్ సవింబీ సేనకు తుపాకుల కరువు రాలేదు. ఎందుకు రాలేదో నివేదిక సరుకు వెంటే నడిచి చెబుతుంది. గనుల్లో తవ్విన వజ్రాలు డబ్బవుతాయి. ఆ డబ్బుతో దళారి తూర్పు ఐరోపాలో ఆయుధాలు కొంటాడు. కొన్నది ఫలానా ప్రభుత్వమేనని ఎండ్ యూజర్ సర్టిఫికెట్ చూపిస్తాడు. సరుకు మాత్రం సవింబీకి చేరుతుంది. అతనికి సాయపడ్డవారిలో టోగో అధ్యక్షుడు ఎయడెమా, బుర్కినా ఫాసో అధ్యక్షుడు కంపోరే ఉన్నారని నివేదిక బాహాటంగా రాసింది. పదవిలో ఉన్న దేశాధినేతలను అలా వేలెత్తి చూపడం దౌత్యభాషకు అలవాటు లేని పని. ఆ తెగువే ఈ నివేదికకు ప్రాణం. ఇద్దరూ ఆరోపణలను కొట్టిపారేశారు. మండలి వెంటనే వాళ్లను శిక్షించనూ లేదు. అయినా దాని తర్వాత వేసిన పర్యవేక్షణ బృందం అదే బాటలో సాగి, ఆ డిసెంబరులో ఆయుధ దళారి విక్టర్ బౌట్ పేరు బయటపెట్టింది. ఆ దళారి 2008లో బ్యాంకాక్‌లో దొరికాడు.

ఫౌలర్ పరిధి ఒక్క యుద్ధమే. ఒప్పందం పరిధి మొత్తం అంతర్జాతీయ వ్యాపారం. జాతిహననానికి వాడతారని తెలిసి ఆయుధాలు అమ్మడాన్ని 6వ అధికరణం నిషేధిస్తుంది. అంగోలాలో బయటపడ్డ దారిమళ్లింపునే 11వ అధికరణం అడ్డుకోజూస్తుంది. ఇవి చిన్న విషయాలు కావు. 2024 ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని హేగ్ అప్పీలు కోర్టు ఎఫ్-35 యుద్ధవిమాన విడిభాగాలను ఇజ్రాయెల్‌కు పంపవద్దన్నప్పుడు ఈ ఒప్పందాన్నీ ఆధారంగా తీసుకుంది. 2025లో ఆ దేశ సుప్రీంకోర్టు మాత్రం ఎగుమతి నిర్ణయాన్ని ప్రభుత్వ పునఃపరిశీలనకే వదిలింది.

అసలు లోపం 13వ అధికరణంలో ఉంది. ఏటా మే 31కల్లా లెక్క చెప్పాల్సింది ఆయా ప్రభుత్వాలే. వ్యాపార రహస్యమనో దేశభద్రత అనో కొన్ని వివరాలు వదిలేయడానికి అనుమతి ఉంది. దళారి పేరు రాయమని అందులో ఎవరూ అడగరు. అమ్మినవాడి లెక్కను అమ్మినవాడే రాస్తే దాన్ని పర్యవేక్షణ అనలేను.

2013లో 154 దేశాలు ఔనన్నాయి, 3 కాదన్నాయి, భారత్ సహా 23 తటస్థంగా ఉన్నాయి. ఒప్పంద పాఠం ఎగుమతిదారుల వైపు మొగ్గిందనీ, ఉగ్రవాదుల, ప్రభుత్వేతర ముఠాల విషయంలో బలహీనంగా ఉందనీ భారత్ అభ్యంతరం. సవింబీ కథ చదివాక ఆ వాదనలో పస కనిపిస్తుంది. కానీ బయట నిలబడి ఒప్పందాన్ని సరిదిద్దలేం. సవరణలు ప్రతిపాదించే హక్కు సభ్యదేశాలదే. 20వ అధికరణం ప్రకారం 2020 డిసెంబరు నుంచే ఆ వీలుంది. ఏకాభిప్రాయం కుదరకపోతే హాజరై ఓటేసినవారిలో నాలుగింట మూడొంతుల మంది చాలు. ఫౌలర్ నివేదిక రాసిన బృందానికి ఇచ్చినట్టు, అడిగే అధికారం, పేర్లు రాసే అధికారం ఉన్న స్వతంత్ర పరిశోధన బృందాన్ని ఆ దారిలోనే తెచ్చుకోవచ్చు.