నావలో సాగనంపిన పాపం

ఒక జాతి ఒక మతగ్రంథాన్ని తన భాషలోకి తెచ్చుకొన్నప్పుడు, ఆ గ్రంథం ఆ భాషకు ఏమి ఇచ్చినదని అడగడం మన విమర్శకులకు అలవాటు. ఆ జాతి తన అనుభవంలోనుండి ఆ గ్రంథపఠనానికి ఏమి తెచ్చినదని అడిగేవారు అరుదు. కార్ నికోబారు భాషలో వెలసిన బైబిలు విషయంలో ఈ రెండవ ప్రశ్నయే ప్రధానమని నా అభిప్రాయం.

నికోబారు భాషలు ఆంధ్రులకు కేవలం పరాయివి కావు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితకాలం శ్రమించి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన సవర భాష ఏ మహాకుటుంబానికి చెందినదో, ఇవీ ఆ కుటుంబానివే. లిపి లేని భాషకు లిపి సమకూర్చడమంటే ఎంతటి తపస్సో పంతులుగారి చరిత్ర చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివర వేదప్పన్ సోలమన్ అనే తమిళ ఉపదేశి కార్ నికోబారులో బడి పెట్టి, దినచర్య వ్రాసుకొన్నాడు. అందులోని కొన్ని భాగాలు 1902లో ఒక మానవశాస్త్ర పత్రికలో అచ్చయినవి. 1897 జూలైలో తాను చూచిన ఒక ఉత్సవాన్ని ఆయన అందులో వర్ణించినాడు. గ్రామస్థులు తెరచాపలతో పెద్ద నావలవంటివి కట్టి, వానిలో దుష్టశక్తులను పారద్రోలే ఆకులు నింపి, ఊరిని పట్టిన పీడను వానిలోకి ఎక్కించి సముద్రంలోకి తోసివేసినారు. ఫ్రేజర్ పండితుడు ఈ వర్ణనను తన 'గోల్డెన్ బౌ' గ్రంథంలో చేర్చుకొన్నాడు. ఆ విధంగా ఒక తమిళ ఉపదేశి దినచర్య ప్రపంచ పండితుల బల్లమీదికి చేరింది.

సోలమన్ ఆ ఉత్సవంలో చీకటిని చూచినాడు. ఫ్రేజర్ అందులో మానవజాతి బాల్యాన్ని చూచినాడు. ఇద్దరిదీ ఒడ్డున నిలిచి చూచే చూపే. నావను తోసిన చేతులవారికి పుట్టిన బిడ్డలు లేవీయకాండము పదునారవ అధ్యాయం చదివినప్పుడు ఏమి చూచి ఉంటారు? అక్కడ యాజకుడు మేక తలపై చేతులుంచి, ప్రజల పాపాలన్నిటిని ఒప్పుకొని, దానిమీద మోపి అరణ్యానికి పంపివేస్తాడు. నావకు బదులు మేక. సముద్రానికి బదులు ఎడారి. తక్కిన ప్రపంచానికి వ్యాఖ్యానం కావలసిన ఆ అధ్యాయం ఈ ద్వీపవాసికి తన తాతగారి కథవలె తోచడంలో వింత లేదు.

అయితే ఈ పోలికతో తృప్తిపడడం విమర్శ కాదు. సముద్రానికి ఆవలి ఒడ్డు ఉన్నది. సాగనంపిన నావ గాలికి కొట్టుకొనిపోయి పొరుగువారి రేవు చేరితే ఏమగును? ఈ ప్రశ్న మనకూ చెందినదే. మహమ్మారి వచ్చినప్పుడు అమ్మవారిని పొలిమేర దాటించి రావడం మన పల్లెలు ఎరుగనిది కాదు. మన పొలిమేర ఎక్కడ ముగియునో అక్కడ మరొక ఊరి పొలిమేర మొదలగును. తొలగించిన కీడు నశించలేదు, చేతులు మారింది. ఈ తర్కం ఇంకొక అడుగు ముందుకు వేస్తే నావ స్థానంలో మనిషి నిలుస్తాడు. దయ్యం పట్టినదని నమ్మిన మనిషిని ఊరే కలిసి చంపివేసిన సంఘటనలు కార్ నికోబారులో జరిగినట్లు ఆనాటి లేఖకులు నమోదు చేసినారు. ఇతర దేశాలలో మంత్రగత్తెలను కాల్చినవారు చేసినదీ ఇదియే గనుక, ఇందుకు ఆ ద్వీపాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు.

కొత్త నిబంధన ఈ తర్కాన్ని లోపలినుండి త్రిప్పివేస్తుంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయం, క్రీస్తు ఊరి గుమ్మానికి వెలుపల బాధపడినాడని చెప్పి, విశ్వాసులను కూడా ఆ వెలుపలికే రమ్మని పిలుస్తుంది. వెళ్లగొట్టబడినవాని పక్షాన దేవుడు నిలిచినాడు. సంఘం అతనివద్దకు నడిచిపోవలెను. తెలుగు బైబిలు దీనికి వాడిన 'ప్రాయశ్చిత్తము' అన్న మాట స్మృతులనుండి వచ్చినది. అక్కడ దోషి తానే వ్రతముతో, ఉపవాసముతో, దానముతో దోషం పోగొట్టుకొంటాడు. ఇక్కడ నొచ్చినవాడే ముందుకు వచ్చి మూల్యం చెల్లిస్తాడు. పాత మాటలో కొత్త అర్థం ఇమడడానికి తెలుగువారికి ఎంతో కాలం పట్టింది. పూర్తిగా ఇమిడినదా అన్నది ఇప్పటికీ ప్రశ్నయే.

కార్ నికోబారు భాషలోకి కొత్త నిబంధనను తెచ్చినవాడు పరదేశి కాదు. సోలమన్ శిష్యుడై, బర్మాలో చదివి, స్వగ్రామానికి ఉపాధ్యాయుడుగా తిరిగి వచ్చిన జాన్ రిచర్డ్‌సన్ ఆ ద్వీపపు బిడ్డ. 1942 నుండి 1945 వరకు జపాను సైన్యం ద్వీపాలను ఆక్రమించినది. ఓటమి దగ్గరపడినకొద్దీ, శత్రువులకు సంకేతాలు పంపుతున్నారన్న అనుమానంతో ద్వీపవాసులను పట్టి హింసించి పలువురిని చంపినారు. రిచర్డ్‌సన్ కూడా చెర అనుభవించినాడు. తమ ఓటమి భారాన్ని ఒకరి తలపై మోపి చంపడం: పాత నావ కథయే, ఈసారి ఆధునిక సైన్యం చేతులలో. 1950లో ఆయన బిషప్పు అయినాడు. కొత్త నిబంధన ఆ ఏడే వెలువడినది. 1952లో ఆయన లోక్‌సభకు నియుక్తుడైనాడు. సంపూర్ణ బైబిలు 1969లో వచ్చినది. ఆయన 1978లో మరణించినాడు. ఈ తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, ఆ అనువాదం విద్వాంసుని తీరికలో పుట్టినది కాదని తెలుస్తుంది. నిందమోపబడినవానికి ఏమగునో స్వయంగా ఎరిగినవాని చేతి పని అది.

గుణదోష విచారణలో ఒక చిక్కును దాటిపోరాదు. పాలస్తీనా గ్రంథంలో గొఱ్ఱెపిల్ల బలి, పంది అపవిత్రం. నికోబారులో గొఱ్ఱెల మందలు లేవు. పంది కుటుంబసంపద, ప్రతి పెద్ద విందుకూ చావుకూ అదే కావలెను. పందుల మంద సముద్రంలో పడి చచ్చిన సువార్త కథను వినే పల్లెటూరి ముసలివాడు దయ్యం వదలిన మనిషికి సంతోషించునా, పోయిన మందకు వగచునా? ఏ అనువాదకుడూ ఈ దూరాన్ని మాటలతో చెరపలేడు. సంఘజీవితమే దానికి వ్యాఖ్యానం కావలెను.

ఆ వ్యాఖ్యానానికి అక్కడ మంచి నేల ఉన్నది. నికోబారీయుల 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబంలో కొబ్బరితోట, పందులు, కష్టం, నష్టం అందరివి. ఒకరి భారం ఒకరు మోయవలెనన్న పౌలు బోధ అక్కడ కొత్త ధర్మంగా కాక, పాత ఇంటికి పెద్ద వాకిలిగా వినబడి ఉండును. 2004 డిసెంబరు 26న సముద్రమే లేచి ద్వీపతీర గ్రామాలను తుడిచిపెట్టినది. బ్రతికినవారు లోపలి ఎత్తు నేలకు చేరి, మళ్ళీ ఇండ్లు, గుడులు కట్టుకొన్నారు. అటువంటి దినాన 'ఇది ఎవరి పాపం?' అన్న పాత ప్రశ్న ఏ ఊరిలోనైనా తల ఎత్తును. దానికి ఒక మనిషిని చూపక, పోయినవారికోసం కలిసి ఏడ్చి, మిగిలినది పంచుకొన్న సంఘమే ఆ గ్రంథాన్ని సరిగా చదివిన సంఘం.

భారతీయ సాహిత్య చరిత్రలు ఇటువంటి అనువాదాలను మతప్రచార సామగ్రిగా లెక్కించి ప్రక్కన పెట్టుచున్నవి. ఇది పొరపాటు. ఒక చిన్న భాష తన అతి పాత భయానికి మారుమాట వెదకుకొన్న చోట సాహిత్యం ఉన్నది. రిచర్డ్‌సన్ గ్రంథాన్ని ఆ వరుసలో నిలిపి చదవడం మన బాధ్యత.