క్రూపియర్ చేతులు

జూదం సినిమాలు చాలావరకు పందెం కాసేవాడి వెనకే నడుస్తాయి. వాడి చెమట, వాడి ఆశ, చివరి చిప్‌ను బల్ల మీదికి తోసేటప్పుడు వాడి కళ్లు. మైక్ హోడ్జెస్ 1998లో తీసిన బ్రిటిష్ చిత్రం ‘క్రూపియర్’ మాత్రం బల్లకు అవతలి వైపు వెళ్లి నిలబడింది. అక్కడ క్రూపియర్‌గా పనిచేసే జాక్ మాన్‌ఫ్రెడ్ పందెం కాయడు. చక్రం తిప్పుతాడు, గోళీ వదులుతాడు, ఓడినవాళ్ల చిప్స్ లాగేస్తాడు, గెలిచినవాళ్లకు లెక్కగట్టి ఇస్తాడు. ఆ ఉద్యోగాన్ని ఇంత ఓపికగా చూసి, అది నడిచే తీరులోనే ఒక నేరకథను అల్లడం నాకు ఈ సినిమాలో అన్నిటికంటే గొప్పగా కనిపించే పనితనం.

సినిమా సంగతికి వచ్చేముందు ఆ ఉద్యోగం ఏమిటో చూద్దాం. యూరప్‌లో వాడే రూలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి, 0 నుంచి 36 వరకు. సున్నా పచ్చ రంగు. మిగతావి ఒకటి ఎరుపు, పక్కది నలుపు. అంకెలు వరసగా ఉండవు. 0 పక్కన 32, దాని పక్కన 15, ఆపైన 19, 4, 21. చిన్న అంకెలన్నీ ఒక పక్కకు, పెద్దవన్నీ ఒక పక్కకు చేరకుండా కలిపేసిన అమరిక అది. చక్రం ఒక దిశలో తిరుగుతుంటే, క్రూపియర్ గోళీని పై అంచు గాడిలో ఎదురు దిశగా విసురుతాడు. వేగం తగ్గి గోళీ గాడి వదిలే లోపలే పందేలు ఆపమని చెప్పాలి. ఆ మాట తర్వాత బల్ల మీదికి ఒక్క చెయ్యి కూడా రాకూడదు. వస్తే ఏ మూల నుంచి వచ్చినా అతని కంట పడాలి.

గోళీ ఒక గడిలో పడ్డాక అసలు పని మొదలవుతుంది. అంకె మీద నేరుగా పెట్టిన చిప్‌కు 35 రెట్లు. రెండు అంకెల మధ్య గీత మీద పెట్టినదానికి 17. మూడంకెల వరసకు 11. నాలుగు అంకెలు కలిసే మూల మీద పెడితే 8, ఆరంకెలకు కలిపి పెడితే 5. ఇప్పుడు 17 పడిందనుకుందాం. ఒక ఆటగాడు అంకె మీద ఒక చిప్, రెండు గీతల మీద చెరొకటి, ఒక మూల మీద ఒకటి పెట్టాడు. 35, రెండు పదిహేడులు 34, ఎనిమిది; మొత్తం 77. అదే ఆటగాడు 17 చుట్టూ ఉన్న చోట్లన్నిటా ఒక్కో చిప్ పెట్టి ఉంటే, పన్నెండు చిప్స్‌కు 156 ఇవ్వాలి. ఆరితేరిన క్రూపియర్ ఇదంతా కూడుకుంటూ పోడు. చిప్స్ పడి ఉన్న ఆకారాన్ని చూస్తాడు, ఆకారమే అంకెగా తోస్తుంది. పదిహేడో ఎక్కం, ముప్పయ్యైదో ఎక్కం అతనికి నిద్రలో కూడా రావాలి. చుట్టూ పది మంది మాట్లాడుతుంటే, ఒకరు గొణుగుతుంటే, ఒకరు తిడుతుంటే, చెయ్యి తడబడకుండా ఇరవై చిప్స్ దొంతరను వేళ్లతోనే కోసి, అందరికీ కనబడేలా పరిచి, తోసెయ్యాలి. బల్ల వదిలేటప్పుడు రెండు అరచేతులూ తిప్పి చూపించాలి, వాటిలో ఏమీ లేదని.

ఈ చేతులను హోడ్జెస్ దాచలేదు, అతి చెయ్యలేదు. జాక్‌గా వేసిన క్లైవ్ ఓవెన్ ముఖం దాదాపు కదలదు. చేతులు మాత్రం ఎప్పుడూ పనిలో ఉంటాయి. ఆ రెంటి మధ్య ఉన్న దూరమే ఆ పాత్ర. నటుడు చిప్స్ కోసే తీరు నమ్మేలా లేకపోతే ఈ కథ మొత్తం పడిపోయేది, ఎందుకంటే జాక్ లోపల ఏముందో చెప్పే ఆధారం మనకు ఆ చేతులు తప్ప పెద్దగా దొరకదు. అతని తండ్రి జూదరి. దక్షిణాఫ్రికాలో పెరిగిన జాక్ ఈ విద్య అక్కడే నేర్చాడు, ఆపైన దాన్ని వదిలి లండన్‌లో రచయిత కావాలనుకున్నాడు. డబ్బు లేక మళ్లీ బల్ల దగ్గరికి వచ్చిన రోజున చేతులు ఏదీ మరిచిపోలేదని మనకు తెలిసిపోతుంది. అతని చేతులు కాసినోను అతనికంటే ముందే ఒప్పుకున్నాయి.

అతను చేరిన గోల్డెన్ లయన్ కాసినో లాస్ వేగాస్ తరహా వెలుగుల మేడ కాదు. బ్రిటన్‌లో 1968 నాటి జూద చట్టం కాసినోలను సభ్యుల క్లబ్బులుగానే నడవనిచ్చింది. సినిమాలోని కాసినో ఆ లెక్కకు సరిపోతుంది: మెట్లు దిగి వెళ్లే గది, అద్దాల గోడలు, పగలూ రాత్రీ తేడా తెలియని వెలుతురు. ఆ అద్దాలు నాకు చాలా నచ్చిన ఏర్పాటు. ఒకే బల్ల రెండు మూడుసార్లు కనిపిస్తుంది, ఒక మనిషి వీపు, ముఖం ఒకేసారి కనిపిస్తాయి. చూస్తున్నవాణ్ణి ఇంకొకడు చూస్తుంటాడు. మోసాన్ని పట్టుకోవడమే పనిగా ఉన్న చోట ఇంతకంటే తగిన గోడలు ఉండవు.

అయితే చక్రంలో మాత్రం ఏ మోసమూ లేదు. అంకెకు 35 రెట్లు ఇస్తారు. 37 గళ్ల చక్రంలో న్యాయమైన చెల్లింపు 36 రెట్లు. ఆ ఒక్క చిప్ తేడాతో ప్రతి పందెంలోనూ సగటున 2.7 శాతం కాసినోకు మిగులుతుంది. శకునికి మాయపాచికలు కావలసివచ్చాయి. ఈ చక్రానికి మాయ అక్కర్లేదు. జాక్‌కు ఇది తెలుసు. అందుకే అతను ఆడడు, ఆడేవాళ్లను చూస్తాడు. వాళ్లు ఓడిపోవడం చూడటంలో అతనికి ఒక రుచి పుడుతుంది. సినిమా దాన్ని తీర్పు చెప్పకుండా, మెల్లమెల్లగా పెరగనిస్తుంది.

రచయిత పాల్ మేయర్స్‌బర్గ్ చేసిన అసలైన కల్పన నేపథ్య కథనంలో ఉంది. నోయర్ అనే చీకటి నేరకథల సినిమాల్లో హీరో తన కథ తానే చెప్పడం పాత పద్ధతి. ఇక్కడ కూడా గొంతు ఓవెన్‌దే. అయితే తరచూ ఆ గొంతు తన గురించే ‘అతను’ అంటూ చెబుతుంది. జాక్ తన ఉద్యోగాన్ని నవలగా రాస్తున్నాడు. అందులోని క్రూపియర్ పేరు జేక్. పని చేసేది జాక్, చూసి రాసేది ఇంకొకడు. కొంతసేపయ్యాక ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో మనం కూడా చెప్పలేం. బల్ల వెనక నిలబడే ఉద్యోగి స్థితి సరిగ్గా ఇదే: ఆట మధ్యలో ఉంటాడు, ఆటలో ఉండడు. సినిమాల్లో నేపథ్య గొంతు చాలాసార్లు కథ అతుకులు కప్పడానికే పనికొస్తుంది. ఇక్కడ దాన్ని తీసేస్తే కథే మిగలదు.

క్రూపియర్‌కు నిబంధనలుంటాయి. జూదం ఆడకూడదు, ఆటగాళ్లతో బయట పరిచయం పెట్టుకోకూడదు, తోటి ఉద్యోగులతో సంబంధాలు ఉండకూడదు, ఎవరైనా మోసం చేస్తే చెప్పెయ్యాలి. ఈ జాబితా మనకు వినిపించిన క్షణం నుంచి కథ వాటిని ఒక్కొక్కటిగా వదులు చేస్తూ పోతుంది. తోటి క్రూపియర్ మాట్ మోసం చేస్తున్నాడని జాక్ పసిగట్టి ఊరుకుంటాడు. బెల్లా అనే సహోద్యోగినికి దగ్గరవుతాడు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన జూదరి జానీని, అలెక్స్ కింగ్‌స్టన్ పోషించిన పాత్రను, బయట కలుస్తాడు. ఆమె ద్వారానే దోపిడీ కబురు వస్తుంది. అతను చెయ్యవలసింది చాలా చిన్న పని: తన బల్ల దగ్గర ఒకడు మోసం చేస్తాడు, అప్పుడు మామూలుగానే కేక వెయ్యాలి. తన విధి తాను సక్రమంగా చెయ్యడమే నేరంలో అతని వాటా. ఈ ఒక్క ఊహకే మేయర్స్‌బర్గ్‌కు నేను దండం పెడతాను.

ముగింపు తెలియకూడదనుకునేవారు ఇక్కడ ఆగవచ్చు. దోపిడీ తెర మీద క్షణాల్లో ముగిసి, విఫలమవుతుంది. హోడ్జెస్ దాన్ని కావాలనే కురచ చేశాడనిపిస్తుంది. 1971లో ‘గెట్ కార్టర్’ తీసినవాడికి హింసను సాగదీయడం రాక కాదు. ఆ తర్వాత జాక్ ప్రేయసి మరియన్, జీనా మెకీ ఎంతో నిబ్బరంగా చేసిన పాత్ర, రోడ్డు ప్రమాదంలో చనిపోతుంది. ఈ మలుపు ఒక్కటే నాకు కొంచెం తొందరగా తోస్తుంది. సినిమాలో జాక్‌కు అంతరాత్మగా మిగిలిన మనిషికి ఇంకొంత చోటు ఉండాల్సింది. జాక్ నవల రచయిత పేరు లేకుండా అచ్చయి బాగా అమ్ముడుపోతుంది.

చివరగా దక్షిణాఫ్రికా నుంచి ఫోన్ వస్తుంది. అవతల జానీ, ఆమె పక్కన జాక్ తండ్రి. పథకం వెనక ఉన్నది ఆయనే. మొదట్లో కొడుకుకు ఈ ఉద్యోగం చూపించినదీ ఆయనే. మేయర్స్‌బర్గ్ మన కళ్ల ముందే ఆ చిప్ పెట్టి, పందేలు ముగిసేదాకా దాన్ని తాకలేదు. రెండోసారి చూసినప్పుడు తండ్రి గురించిన ప్రతి మాటా, జాక్ ఆయన్ని తలుచుకున్న ప్రతిసారీ, ఈ లెక్కలోకే వచ్చి చేరుతుంది. ఎక్కడా అబద్ధం చెప్పలేదు, ఏదీ దాచలేదు. మనమే చేతులు చూస్తూ ఉండిపోయాం.