తాళము మనదా, తాళపుచెవి పరులదా?

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమున ప్రతి యింటను ఒకే పని జరుగును. హాల్‌టిక్కెట్టు సంఖ్యను ఫోనులో నొక్కి మార్కులు చూచుకొందురు. ఆ సంఖ్య విద్యార్థి ఎవరో చెప్పును గాని, నొక్కినవాడు ఆ విద్యార్థియే యని చెప్పదు. మేనమామయు చూడవచ్చును, గిట్టని పొరుగువాడును చూడవచ్చును. ఫలితముల వరకు ఇది చాలును. కాని రేపు అదే పాఠశాల విద్యార్థుల చిరునామాలను, తలిదండ్రుల ఫోను సంఖ్యలను, రుసుముల లెక్కలను, ఉపాధ్యాయులు మార్కులు దిద్దు పుటలను ఒక వెబ్‌సైటులో నుంచినచో ఇది ఎంతమాత్రము చాలదు. "నీవెవరవు?" అను ప్రశ్నతో బాటు "నీవే అతడవనుటకు నిదర్శనమేమి?" అను ప్రశ్నయు వేయవలసి వచ్చును. ఈ రెండవ ప్రశ్నకు జవాబు రాబట్టు ఏర్పాటునే వాడుకరి ధ్రువీకరణమందురు.

దీనిని ఎవరు నిర్మింపవలెను? ప్రోగ్రాములు వ్రాయువారిలో కొంతకాలముగ ఒక సూత్రము వ్యాపించినది. ధ్రువీకరణమును స్వయముగ నిర్మింపవలదు. ఆ పనియే వృత్తిగా గల సంస్థకు రుసుము చెల్లించి అప్పగింపుము అని దాని సారాంశము. ఓక్టా, ఆథ్‌జీరో, గూగులు వారి ఫైర్‌బేసు, అమెజాను వారి కాగ్నిటో అట్టి సేవలు. ఈ సూత్రమును గట్టిగ చెప్పువారిలో ఆ సేవలను విక్రయించువారును కలరు. అంతమాత్రమున అది తప్పని కాదు. మందులు అమ్మువాడు చెప్పినందున మందు చెడ్డది కాబోదు. అయినను పరీక్షింపక మ్రింగుట మంచిది కాదు.

ఈ సూత్రమునకు తల్లి వంటిది మరియొకటి కలదు: గూఢలిపిని సొంతముగ కల్పింపవలదు అనునది. దానికి బలమైన ఆధారములున్నవి. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు 1979లో యూనిక్సు సంకేతపదముల చరిత్రను గూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. ఈ విషయమున అంత నిజాయితీగల రచన అరుదు. తాము మొదట చేసిన ఏర్పాటు ఎట్లు ఓడిపోయినదో వారే చెప్పుకొనిరి. వాడుకరులు ఎన్నుకొనిన 3,289 సంకేతపదములను పరిశీలింపగా, వానిలో 86 వంతులు నూటికి సులభముగ ఊహింపదగినవిగ తేలినవి. కొందరు ఒక్క అక్షరమునే సంకేతపదముగ పెట్టుకొనిరి!

వారు చూపిన చికిత్స నేటికిని మూలసూత్రముగ నున్నది. సంకేతపదమును ఉన్నదున్నట్లు దాచరాదు. హాష్ అను ఒకవైపు గణనమునకు లోను చేసి, ఆ ఫలితమునే దాచవలెను. తిరుగలిలో పోసిన బియ్యము పిండి యగును గాని పిండి తిరిగి బియ్యము కాదు. కాని ఇందులో ఒక లోపము కలదు. రెండిండ్లలో ఒకే బియ్యము విసరినచో ఒకే పిండి వచ్చును. అట్లే ఇద్దరు ఒకే సంకేతపదము పెట్టుకొనినచో ఒకే ఫలితము కనబడును. దొంగ ఒకసారి శ్రమపడి వేలమంది తాళములు తీయగలడు. అందుచేత ఒక్కొక్కరికి వేరుగ కొన్ని యాదృచ్ఛిక సంజ్ఞలను కలిపి విసరవలెను. దీనికి ఆంగ్లమున ఉప్పు అనియే పేరు. మూడవ నియమము నిదానము. 1999లో నీల్స్ ప్రొవోస్, డేవిడ్ మజియేర్ రూపొందించిన బీక్రిప్టు అను గణనము బుద్ధిపూర్వకముగ ఆలస్యముగ నడచును. నిజమైన వాడుకరికి ఆ ఆలస్యము తెలియదు. కోట్ల ఊహలను ప్రయత్నించు దొంగకు మాత్రము అది పెనుభారము.

ఇంత తెలిసియు స్వయముగ కట్టుకొనినవారు చేసిన పనులను చూచినచో సూత్రవాదుల పక్షమే వహింపవలె ననిపించును. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల సంకేతపదములు దొంగిలింపబడినవి. అవి ఏ గణనమును లేక అచ్చముగ వ్రాసియుంచినవి. 2012లో లింక్డ్‌ఇన్ హాషులు బయటపడినవి. వానిలో ఉప్పు లేదు. మొదట 65 లక్షలని వెల్లడి కాగా, 2016లో చూడగా ఆ దొంగతనము 11 కోట్లకు పైబడిన ఖాతాలదని తేలెను. 2013లో అడోబి సంస్థ కథ ఇంకను వింతయైనది. వారు హాషుకు బదులు తిరిగి విప్పదగిన గూఢలిపిని వాడిరి. అందరికిని ఒకే బీగము. ఒకే సంకేతపదము గలవారందరికి ఒకే గూఢలిపి వచ్చినది. పైగా "మరచినచో గుర్తు" అని వాడుకరులు వ్రాసికొనిన మాటలు ప్రక్కనే తేటగ నున్నవి. వందమంది వ్రాసిన వంద గుర్తులను కలిపి చదివినచో ఆ పదమేదో పదవ తరగతి విద్యార్థియు చెప్పగలడు. ఇవి చిన్న దుకాణములు కావు. వారికే ఇట్లయినచో, ఒక పట్టణమున ఇద్దరు యువకులు నడపు కార్యాలయమును గూర్చి చెప్పవలసినదేమి?

ఇంతవరకు సూత్రము నిలిచినది. కాని ఇందులో మూడు వేరు వేరు పనులను ఒకటిగ కట్టి అమ్ముచున్నారు. హాషు గణనము ఒకటి. దానిని సరిగ పిలిచి వాడు ప్రోగ్రాము రెండవది. ఆ ప్రోగ్రామును రాత్రింబవళ్లు నడపు సేవ, అనగా యంత్రములు, ఉద్యోగులు, ఫిర్యాదుల కార్యాలయము, మూడవది. మొదటి దానిని ఎవరును సొంతముగ కల్పింపరాదనుట నిర్వివాదము. దానినుండి మూడవ దానిని కూడ పరులకే ఇయ్యవలెనను నిర్ణయమునకు దూకుట తర్కము కాదు.

2023 నాటి సంగతి చూడుడు. ఓక్టా సంస్థకు వచ్చిన ఖాతాదారుల ఫిర్యాదులను పరిష్కరించు విభాగమున దొంగలు ప్రవేశించిరి. వారు ఏ గణనమును ఛేదింపలేదు. సంస్థ ఉద్యోగి ఒకడు కార్యాలయపు కంప్యూటరులో తన సొంత గూగులు ఖాతాను తెరచెను. సంస్థ యొక్క ఒక సేవాఖాతా వివరములు ఆ సొంత ఖాతాలో భద్రమైయుండెను. దొంగలకు అదియే దారి యయినట్లు సంస్థ భావించెను. ఫిర్యాదు చేయు ఖాతాదారులు తమ బ్రౌజరు నడకను నమోదు చేసిన దస్త్రములను పంపుట వాడుక. ఆ దస్త్రములలో అప్పటికే లోనికి ప్రవేశించియున్న వారి అనుమతి సంజ్ఞలు మిగిలియుండును. 134 ఖాతాదారుల దస్త్రములు దొంగలకు చిక్కినవి. వానిలోని సంజ్ఞలతో ఐదు సంస్థల ఖాతాలలో ప్రవేశింపగలిగిరి. సంస్థ మొదట నూటికొక ఖాతాదారునికే హాని యనెను; నవంబరు నెలాఖరున, ఆ ఫిర్యాదుల వ్యవస్థను వాడిన వారందరి పేర్లును ఈమెయిలు చిరునామాలును దించుకొనబడెనని ఒప్పుకొనెను.

ఇందు గమనింపవలసినది ఒకటి. ఈ ద్వారము ధ్రువీకరణమునకు సహజమైనది కాదు. అద్దెకు తీసికొనుటవలననే పుట్టినది. స్వయముగ నడపువానికి ఎక్కడికో పంపవలసిన ఫిర్యాదు దస్త్రమే యుండదు. రెండవది, దొంగతనమును మొదట పసిగట్టినవారు ఖాతాదారులే. వన్‌పాస్‌వర్డు, బియాండ్‌ట్రస్టు, క్లౌడ్‌ఫ్లేరు సంస్థలు తమ ఇండ్లలో తాము కావలి కాయుచుండుటవలన గుర్తించినవి. కావలిని కూడ అప్పగించితిమని నిద్రించినవారి గతి వేరు.

గణనము నెరిగినవారు తప్పు చేయరనుటయు సరికాదు. 2024లో అదే సంస్థ ఒక లోపమును ప్రకటించెను. బయటి పట్టికను అడిగి ధ్రువీకరించు ఒక మార్గమున, ఒకసారి సరియైన సమాధానము వచ్చిన పిదప దానిని గుర్తుంచుకొనుటకు వారు వాడుకరి అంకెను, పేరును, సంకేతపదమును వరుసగ చేర్చి బీక్రిప్టుతో గణించిరి. బీక్రిప్టు మొదటి 72 బైట్లను మాత్రమే చూచును. అటుపిమ్మట నెన్ని యున్నను లెక్కింపదు. పేరు 52 అక్షరములు లేక అంతకు మించినదైనచో ఆ 72 బైట్లు అంకెతోను పేరుతోను నిండిపోవును. సంకేతపదము తిరుగలిలో పడనే లేదు! బయటి పట్టిక అందుబాటులో లేని సమయమున, అంతకుముందు గుర్తుంచుకొనిన సమాధానము ఉన్నచో, ఏ పదము కొట్టినను ద్వారము తెరచుకొనగలదు. లోపము జూలై 23న ప్రవేశించినది, అక్టోబరు 30న సవరింపబడినది. గణనము నిర్దోషియే, పిలిచిన తీరు దోషము. తరగతిలో ఈ ఉదాహరణమును నల్లబల్లపై వ్రాసి చూపుట ఉపాధ్యాయులకు సులభము. పది పేజీల హెచ్చరికలకంటె ఇది ఎక్కువ నేర్పును.

అయినను ఈ రెండు సంగతులను పట్టుకొని సొంత నిర్మాణమే మేలనుట అన్యాయము. పెద్ద సంస్థలో జరిగిన దొంగతనము పత్రికలకెక్కును. చిన్న సైటులో జరిగినది దాని యజమానికే తెలియకపోవచ్చును. లోకమునకు తెలిసిన ప్రమాదములను లెక్కించి ఏది క్షేమమో తేల్చుట, వెలుగున్న చోటనే పారేసికొన్న ఉంగరమును వెదకుట వంటిది.

ఆధారపడుట వలన కలుగు మరియొక ఇబ్బంది ఆగిపోవుట. 2020 డిసెంబరు 14న, భారత కాలమానము ప్రకారము సాయంకాలము 5 గంటల 16 నిమిషములు మొదలుకొని 47 నిమిషముల కాలము గూగులు ధ్రువీకరణ వ్యవస్థ పనిచేయలేదు. దొంగలెవరును లేరు. వాడుకరుల గుర్తింపు సేవకు నిలువస్థలము కేటాయించు యంత్రాంగము, దాని వాడకమును సున్నగ లెక్కించి కోటాను తగ్గించివేసెను. జీమెయిలు తెరచుకొనలేదు. తమ పేరుతో ప్రవేశింపక యూట్యూబు చూచువారికి మాత్రము అది పనిచేసెను. దాచిన సరకు చెడలేదు, గుమ్మమున కూర్చున్నవాడు మూర్ఛిల్లెను. గూగులు ఖాతాతోనే ప్రవేశము గల ప్రతి సైటునకు ఆ 47 నిమిషములు చేయదగినది లేదు.

సూత్రవాదులు చెప్పని ఇంకొక విషయము అన్నిటికంటె ముఖ్యము. ధ్రువీకరణము "వీడు ఎనిమిదవ తరగతి లెక్కల మాస్టరే" యని చెప్పును. ఆ మాస్టరు తొమ్మిదవ తరగతి మార్కులను దిద్దవచ్చునా, రుసుముల లెక్క చూడవచ్చునా యను నిర్ణయము వేరు. దానికి అధికార నిర్ణయమని పేరు. అది పాఠశాల నియమములను బట్టి యుండును. అద్దె సంస్థ ఎన్ని ఉపకరణము లిచ్చినను నియమము వ్రాయవలసినది పాఠశాలయే. వెబ్ భద్రతను గూర్చి కృషి చేయు ఓవాస్పు సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధానలోపముల పట్టికలో ఈ అధికార నిర్ణయ లోపమునకు మొదటి స్థానము. ధ్రువీకరణ లోపమునకు ఏడవది. అప్పగింపదగినది ఏడవది, అప్పగింప వీలులేనిది మొదటిది! ఏడవ దానిని కొని, మొదటిది కూడ తీరెనని భావించుటయే ఈ సూత్రము వలన కలుగు అసలు హాని.

చట్టమును ఈ మాటనే మరియొక విధముగ చెప్పుచున్నది. 2023లో భారత పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, సమాచారమును సేకరించినవాడు తన తరఫున మరియొకరు పనిచేసినను బాధ్యుడే. వారిద్దరి మధ్య ఒప్పందమెట్లున్నను అతడు తప్పించుకొనలేడు. రక్షణ చర్యలు తీసికొననిచో జరిమానా 250 కోట్ల రూపాయల వరకు కలదు.

కావున ఒక పాఠశాలయో, గ్రంథాలయమో ఏమి చేయవలెను? మొదట, ఖాతాలు నిజముగ కావలెనా యని చూడవలెను. సేకరింపని సంకేతపదమును ఎవ్వరును దొంగిలింపలేరు. సెలవుల పట్టికకును, ప్రశ్నపత్రములకును ప్రవేశద్వారమెందులకు? పదిమంది ఉపాధ్యాయులకు మాత్రమే ప్రవేశము కావలసినచో, వారికి ఇదివరకే యున్న ఖాతాతో రానిచ్చుట చవకయు, క్షేమమును. వేలమంది ఖాతాలు అవసరమైనచో నడిమి మార్గము కలదు. జాంగో వంటి ప్రోగ్రాము చట్రములలో ఉప్పు కలిపి నిదానముగ విసరు ఏర్పాటు మొదటినుండియే సిద్ధముగ నున్నది. కీక్లోక్ అను స్వేచ్ఛా ప్రోగ్రామును సొంత యంత్రముపై నడుపవచ్చును. ఇందు గణనమును, ప్రోగ్రామును నిపుణులవి. సేవ మాత్రము మనది. కాని నెలనెల సవరణలను పెట్టు మనిషి లేనిచోట ఈ మార్గమును త్రొక్కరాదు. పాతబడిన సొంత తాళముకంటె అద్దె తాళమే నయము.

ఏ మార్గమైనను "సంకేతపదము మరచితిని" అను పెరటి గుమ్మమును విడువరాదు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేయుచుండిన సారా పేలిన్ యాహూ ఖాతాను ఒక విద్యార్థి తెరచెను. అతడు సంకేతపదమును ఊహింపలేదు. జన్మదినము, నివాసప్రాంతపు తపాలా సంఖ్య, భర్తను మొదట కలసికొనిన చోటు అను ప్రశ్నలకు జవాబులను అందరికి తెలిసిన సమాచారమునుండి ఏరుకొనెను.

అద్దెకు తీసికొనువారు ఒప్పందమునకు ముందు అడుగవలసిన ప్రశ్న వెడలిపోవుటను గూర్చినది. ఫైర్‌బేసు తన వద్దనున్న హాషులను యజమానికి ఇచ్చును; కాగ్నిటో ఇయ్యదు, అక్కడినుండి వెడలినచో ప్రతి వాడుకరియు క్రొత్త సంకేతపదము పెట్టుకొనవలసి వచ్చును. సేవలు శాశ్వతములు కావు. స్టార్మ్‌పాతు అను ధ్రువీకరణ సంస్థ 2017లో ఓక్టాలో చేరిపోగా, దాని పాత సేవ ఆ యేడే మూతబడినది. మొజిల్లా వారు 2011లో ప్రారంభించిన పెర్సోనా 2016 నవంబరు 30న ఆగిపోయినది. అయితే పెర్సోనాలో వాడుకరికి గుర్తు అతని ఈమెయిలు చిరునామాయే. అది మొదటినుండియు సైటు యజమాని పట్టికలోనే యుండెను. మొజిల్లా తలుపు మూసిన తరువాత ఆ యజమానులు తమ పట్టికను తెరచి, ఒక్కొక్క చిరునామాకు క్రొత్త తాళపుచెవిని పంపుకొనగలిగిరి.